ఆట సామాన్ల దుకాణానికి ఇన్సూరెన్స్: ప్రీమియం కట్టడమే కాదు, ఏం రాయించామన్నది చూసుకోవాలి

సంక్రాంతికి నెల ముందు నుంచే హైదరాబాద్‌లో గుల్జార్ హౌజ్, ధూల్‌పేట, మంగళ్‌హాట్ వైపు పతంగుల దుకాణాలు నిండిపోతాయి. మామూలు రోజుల్లో రెండు మూడు లక్షల సరుకు ఉండే చిన్న దుకాణంలో కూడా ఆ నెలలో దానికి రెండింతలు, మూడింతలు సరుకు దిగుతుంది. రంజాన్ చివరి పది రోజుల్లో బొమ్మల దుకాణాల పరిస్థితీ ఇదే. వేసవి సెలవులొస్తే క్యారమ్ బోర్డులు, క్రికెట్ బ్యాట్లు, సైకిళ్లు. కొందరు నాలుగు టీవీలు, నాలుగు ప్లేస్టేషన్లు పెట్టి గంటకింత అని పిల్లలతో ఆడిస్తున్నారు.

ఈ దుకాణాలన్నిటికీ ఒక పోలిక ఉంది. సరుకంతా కాలేదే. కాగితం, వెదురు, దారం, ప్లాస్టిక్, థర్మోకోల్, రబ్బరు, వీటికి తోడు రిమోట్ కార్ల లిథియం బ్యాటరీలు. జాగా ఇరుకు, పైన అటక నిండా అట్టపెట్టెలు, వైరింగ్ ఎప్పటిదో తెలియదు. చాలాచోట్ల దుకాణం పైనే ఇల్లు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన కుటుంబం ఉన్న భవనంలో మంటలు చెలరేగి 17 మంది చనిపోయారు. 2023 జనవరి 19న సికింద్రాబాద్ మినిస్టర్ రోడ్డులో క్రీడా దుస్తుల దుకాణం ఉన్న బహుళ అంతస్తుల భవనం తగలబడితే, చివరికి ఆ భవనాన్నే కూల్చాల్సి వచ్చింది.

పోయిన ప్రాణాలను ఏ పాలసీ తిరిగి తేలేదు. కానీ పోయిన సరుకు వెనక కుటుంబం అప్పు ఉంటుంది, ఇంట్లో ఆడవాళ్ల బంగారం ఉంటుంది, తమ్ముడు దుబాయ్ నుంచి పంపిన డబ్బు ఉంటుంది. ఆ భారం తగ్గించడానికే బీమా. అయితే పాలసీ తీసుకున్న వాళ్లలో కూడా చాలామందికి నష్టం జరిగాక పూర్తి డబ్బు రాదు. ప్రతిసారీ కంపెనీ మోసం చేసిందని కాదు. పాలసీలో రాయించిన దానికీ, దుకాణంలో నిజంగా ఉన్నదానికీ పొంతన ఉండకపోవడమే ఎక్కువసార్లు కారణం.

చిన్న దుకాణానికి ఏ పాలసీ?

చిన్న వ్యాపారాల కోసం ఐఆర్‌డీఏఐ ఒకే నమూనా ఉన్న పాలసీని 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చింది. దాని పేరు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. ఒకే చోట ఉన్న ఆస్తి మొత్తం విలువ 5 కోట్ల రూపాయలు మించని వ్యాపారాలకు ఇది వర్తిస్తుంది. పాతబస్తీలో, విజయవాడ వన్‌టౌన్‌లో, గుంటూరులో, కర్నూలులో ఉండే మామూలు ఆట సామాన్ల దుకాణం దీని కిందికే వస్తుంది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా ప్రధాన షరతులు ఒకటే, ప్రీమియంలో మాత్రం తేడా ఉంటుంది.

అగ్నిప్రమాదం, పేలుడు, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, నీట మునక, అల్లర్లు, సమ్మె, కావాలని చేసిన విధ్వంసం, వాటర్ ట్యాంకు పగలడం వంటివన్నీ ఈ పాలసీలో ఉన్నాయి. వరద సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. 2020 అక్టోబర్‌లో కురిసిన వానకు పాతబస్తీలో ఎన్నో కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. గ్రౌండ్ ఫ్లోర్ దుకాణంలో మోకాలి లోతు నీళ్లొస్తే చాలు, కింది వరసల్లోని బోర్డ్ గేమ్‌లు, పతంగుల కాగితం ఇక అమ్మకానికి పనికిరావు.

అగ్నిప్రమాదమో వరదో వచ్చిన తర్వాత 7 రోజుల లోపు ఆ గందరగోళంలో జరిగిన దొంగతనం కూడా ఇందులో కవర్ అవుతుంది. కానీ మామూలు దొంగతనం, అంటే రాత్రి షట్టర్ పగలగొట్టి సరుకు ఎత్తుకుపోవడం, ఇందులో లేదు. దానికి విడిగా బర్గ్లరీ పాలసీ తీసుకోవాలి.

లేదంటే షాప్‌కీపర్ ప్యాకేజీ పాలసీ ఉంది. అగ్నిప్రమాదం, బర్గ్లరీ, గల్లాలోని డబ్బు, బ్యాంకుకు తీసుకెళ్తున్న డబ్బు, అద్దాలు, బోర్డు, ఎలక్ట్రానిక్ వస్తువులు, పనివాళ్ల చేతివాటం, షాపులో బయటివాళ్లకు దెబ్బ తగిలితే పరిహారం, ఇలా ఒక్కో విభాగం ఒక్కో గదిలాంటిది. తీసుకున్న విభాగానికే కవర్. ఏజెంటు "అన్నీ వస్తాయి భాయ్" అన్నంత మాత్రాన రావు. పాలసీ షెడ్యూల్‌లో ఆ విభాగం ఎదురుగా ఎంత మొత్తం రాశారో చూడాలి. అక్కడ ఖాళీ ఉంటే కవర్ లేదని అర్థం.

తక్కువ రాయిస్తే ఏమవుతుంది?

ప్రీమియం తగ్గుతుందని సరుకు విలువ తక్కువ చెప్పడం మామూలే. ఇక్కడే పెద్ద దెబ్బ తగులుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. దుకాణంలో నిజంగా ఉన్న సరుకు 20 లక్షలు. పాలసీలో రాయించింది 10 లక్షలు. షార్ట్ సర్క్యూట్ వల్ల అటక మీది సరుకు కాలి 4 లక్షల నష్టం వచ్చింది. "10 లక్షల పాలసీ ఉంది కదా, 4 లక్షలు వచ్చేస్తాయి" అని దుకాణదారు అనుకుంటాడు. రాదు. సరుకులో సగానికే బీమా చేయించాడు కాబట్టి నష్టంలోనూ సగమే, అంటే 2 లక్షలే లెక్కలోకి వస్తుంది. అందులోంచి పాలసీలో రాసిన మినహాయింపు మొత్తం కూడా పోతుంది.

సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో ఒక వెసులుబాటు ఉంది. తక్కువ రాయించిన తేడా 15 శాతం లోపు ఉంటే ఈ కోత పడదు. పై ఉదాహరణలో 17 లక్షలకు రాయించి ఉంటే 4 లక్షల నష్టానికి లెక్క మొత్తంగా కట్టేవారు.

సరుకు విలువ కొన్న ధర ప్రకారం రాయించాలి, అమ్మే ధర ప్రకారం కాదు. 300కు కొని 500కు అమ్మే క్యారమ్ బోర్డు కాలిపోతే లాభంతో కలిపి ఇవ్వరు. దుకాణం మూతపడిన రెండు నెలల ఆదాయం కూడా మామూలు పాలసీలో రాదు, దానికి వేరే కవర్ ఉంది.

సీజన్ లెక్క ఇంకో చిక్కు. జూలైలో పాలసీ తీసుకునేటప్పుడు 5 లక్షల సరుకు ఉంటే అంతే రాయిస్తారు. డిసెంబర్‌లో పతంగుల సరుకు దిగి 15 లక్షలు అవుతుంది. నిప్పు పడే ప్రమాదం ఎక్కువ ఉన్నదీ ఆ నెలలోనే. సరుకు దిగకముందే కంపెనీకి రాసి, కొంచెం ప్రీమియం కలిపి కట్టి మొత్తం పెంచుకోవచ్చు. దీన్ని ఎండార్స్‌మెంట్ అంటారు. రంజాన్ సరుకుకూ ఇదే పద్ధతి.

ఏ చిరునామా, ఎవరి సరుకు?

బీమా పాలసీలో రాసిన చిరునామాకే వర్తిస్తుంది. దుకాణం ఒక గల్లీలో, గోదాము ఇంకో గల్లీలో ఉంటే రెండూ రాయించాలి. ఇంటి పై గదిలో అట్టపెట్టెలు పెట్టే అలవాటు ఉంటే ఆ గదీ రాయించాలి. చాలా క్లెయిములు ఇక్కడే పడిపోతాయి. షాపు పేరు మీద పాలసీ ఉంటుంది, కాలింది మాత్రం ఇంట్లో పెట్టిన సరుకు.

దుకాణం అద్దెదైతే భవనానికి బీమా చేయించుకోవాల్సింది యజమాని. అద్దెదారు తన సరుకు, ర్యాకులు, కౌంటర్, సొంత ఖర్చుతో చేయించుకున్న ఇంటీరియర్‌కు రాయించుకుంటాడు. తన దుకాణంలో మొదలైన మంట పక్క దుకాణానికి పాకితే, అక్కడి నష్టానికి తన అగ్నిప్రమాద పాలసీ డబ్బు ఇవ్వదు. ఒకదానికొకటి ఆనుకుని ఉండే బజార్లలో ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. దానికోసం పబ్లిక్ లయబిలిటీ కవర్ గురించి విడిగా అడగాలి.

రిపేరుకు ఇచ్చిన ప్లేస్టేషన్లు, గట్టింగ్ కోసం వదిలిన రాకెట్లు, అమ్మిపెట్టమని వేరేవాళ్లు పెట్టిన సరుకు దుకాణదారు సొంతం కాదు. "ఇతరుల సరుకు మా దగ్గర ఉంటుంది" అని పాలసీలో ప్రత్యేకంగా రాయిస్తేనే దానికి కవర్.

గేమింగ్ పార్లర్లకు ఇంకొన్ని చిక్కులు

టీవీలు, కన్సోళ్లు, కంప్యూటర్లు ఉన్న చోట ఒక షరతు బాగా గుర్తుపెట్టుకోవాలి. కరెంటు హెచ్చుతగ్గులు, షార్ట్ సర్క్యూట్ వల్ల ఒక టీవీ కాలిపోతే, ఆ టీవీకి అగ్నిప్రమాద పాలసీలో డబ్బు రాదు. ఆ టీవీ నుంచి మంట పాకి మిగతావి కాలితే మిగతావాటికి వస్తుంది. మొదట పాడైన వస్తువుకు కూడా రావాలంటే ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ కవర్ తీసుకోవాలి. సరుకు కంటే యంత్రాలే ఎక్కువ ఉన్న పార్లర్లకు ఇది అదనపు హంగు కాదు, అసలు అవసరం.

పిల్లల భద్రత ఇంకా పెద్ద విషయం. 2024 మే 25న గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక గేమ్ జోన్ తగలబడి పిల్లలతో సహా పాతిక మందికి పైగా చనిపోయారు. వచ్చేది ఒకటే దారి, అదీ ఇరుకు, కిటికీలు మూసేసి ఏసీ పెట్టిన గదుల్లో పదిమంది పిల్లలు కూర్చుంటే ప్రమాదం ఎంత దూరంలో ఉందో యజమాని ఆలోచించాలి. పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఉన్నా, కావాల్సిన ట్రేడ్ లైసెన్సు, ఫైర్ అనుమతి లేకుండా నడిపితే కంపెనీ ప్రశ్నలు వేస్తుంది, పోలీసు కేసు సంగతి వేరే. రెండో దారి, మంటలార్పే సిలిండర్, మంచి వైరింగ్, ఈ మూడూ పాలసీ కంటే ముందు ఉండాలి.

బీమా రాని సరుకు

అమ్మకూడని సరుకుకు బీమా ఆశించకూడదు. నైలాన్ మాంజాను, జనం చైనా మాంజా అనేదాన్ని, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. మెడలు తెగి మనుషులు చనిపోతున్నారు, పక్షుల సంగతి చెప్పక్కర్లేదు. పతంగుల సరుకు మధ్య ఆ చరఖాలు సర్వేయర్‌కు కనబడితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది, కేసూ అవుతుంది.

అలాగే 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. మార్కు లేని బొమ్మ వల్ల పిల్లవాడికి దెబ్బ తగిలితే దుకాణదారు తప్పించుకోవడం కష్టం.

దొంగతనంలో మెలిక

బర్గ్లరీ పాలసీలో ముఖ్యమైన మాట "బలవంతంగా చొరబడటం". తాళం పగిలి ఉండాలి, షట్టర్ వంగి ఉండాలి, కిటికీ చువ్వ కోసి ఉండాలి. రద్దీలో ఎవరో గేమ్ సీడీ జేబులో వేసుకుపోతే ఇది వర్తించదు. స్టాక్ లెక్కలో సరుకు తగ్గిందని సంవత్సరం చివర్లో తేలితే దానికీ రాదు. పనిచేసే కుర్రాడే ఎత్తుకుపోతే ఫిడెలిటీ గ్యారంటీ అనే వేరే విభాగం ఉండాలి.

హజ్‌కో, ఉమ్రాకో, గల్ఫ్‌లో పిల్లల దగ్గరికో వెళ్లేటప్పుడు దుకాణం నెలకు పైగా మూసేవాళ్లు ఉన్నారు. దుకాణం 30 రోజులకు మించి మూసి ఉంచితే ముందుగా తెలపాలనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. బయల్దేరే ముందు కంపెనీకి ఒక ఈమెయిల్ పెట్టి, జవాబు దాచుకోవాలి.

బ్యాంకు తీసిన పాలసీ

ముద్రా లోను, క్యాష్ క్రెడిట్ తీసుకున్నవాళ్ల సరుకుకు చాలాసార్లు బ్యాంకే బీమా చేయించి, ప్రీమియం ఖాతాలోంచి కోసేస్తుంది. దుకాణదారు ఆ పాలసీ కాగితం చూడనే చూడడు. అందులో లోను మొత్తానికే రాసి ఉండొచ్చు, పాత చిరునామా ఉండొచ్చు, వరద ఉందో లేదో తెలియదు, బర్గ్లరీ ఉండకపోవచ్చు. లోను 3 లక్షలు, సరుకు 12 లక్షలు అయితే పైన చెప్పిన కోత ఇక్కడా పడుతుంది. పాలసీలో బ్యాంకు పేరు ఉంటే క్లెయిము డబ్బు ముందు బ్యాంకుకే పోతుంది. బ్రాంచికి వెళ్లి పాలసీ కాపీ అడిగి తీసుకోవడం దుకాణదారు హక్కు.

బీమా చేయించవచ్చా అనే ప్రశ్న

మన ఇళ్లలో చాలామంది దగ్గర ఆగేది ఇక్కడే. వడ్డీ, అనిశ్చితి ఉన్నాయన్న కారణంతో వాణిజ్య బీమా సరికాదన్నది ఉలమాలో చాలామంది అభిప్రాయం. చట్టం తప్పనిసరి చేసినప్పుడు, నష్టభయం తీవ్రంగా ఉన్నప్పుడు వెసులుబాటు ఉందన్నవాళ్లూ ఉన్నారు. బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం తప్పదు కదా. సభ్యులు తబర్రు కింద వేసుకున్న సొమ్ముతో ఒకరి నష్టాన్ని అందరూ భరించే తకాఫుల్ పద్ధతి మలేసియాలో, గల్ఫ్ దేశాల్లో నడుస్తోంది. మలేసియా 1984లోనే దానికి చట్టం చేసింది. మన దేశంలో దుకాణదారుకు ఆ పద్ధతిలో పాలసీ దొరకదు. కాబట్టి తన పరిస్థితి ఉన్నదున్నట్టు నమ్మకమైన ముఫ్తీ సాహెబ్‌కు చెప్పి అడగడం మంచిది. అప్పు ఎంత, దుకాణం ఎక్కడ, బ్యాంకు తప్పనిసరి అంటోందా, ఈ వివరాలు చెబితేనే సరైన జవాబు వస్తుంది. బీమా వద్దనుకున్న కుటుంబం కూడా వైరింగ్ మార్చడం, లెక్కలు రాయడం, కష్టకాలానికి విడిగా కొంత దాచడం మానకూడదు.

బిల్లు లేని సరుకుకు సాక్ష్యం లేదు

బేగంబజార్ నుంచి కచ్చా చిట్టీ మీద తెచ్చిన సరుకు కాలిపోతే, అది ఉండేదని సర్వేయర్‌కు ఎలా చూపిస్తారు? కాలిన బూడిదలో ఎన్ని బ్యాట్లున్నాయో ఎవరూ లెక్కపెట్టలేరు. సర్వేయర్ చూసేది కొనుగోలు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఉంటే జీఎస్టీ రిటర్నులు, స్టాక్ పుస్తకం. రిటర్నుల్లో 8 లక్షల వ్యాపారం చూపించి, క్లెయిములో 20 లక్షల సరుకు పోయిందంటే నమ్మరు.

ఆ పుస్తకం కూడా షాపులోనే ఉంటే సరుకుతో పాటే కాలిపోతుంది. నెలకోసారి బిల్లులన్నీ ఫోనులో ఫోటో తీసి, ఇంట్లో చదువుకున్న పిల్లల ఈమెయిల్‌కు పంపిస్తే చాలు. ర్యాకులు, అటక, గోదాము కనిపించేలా రెండు నిమిషాల వీడియో కూడా తీయాలి. సీజన్ సరుకు దిగిన రోజు ఇంకొకటి.

నష్టం జరిగాక

ముందు మనుషులను బయటికి తేవాలి, 101కి ఫోన్ చేయాలి. తర్వాత కంపెనీకి అదే రోజు సమాచారం ఇచ్చి క్లెయిము నంబరు రాసుకోవాలి. దొంగతనమైతే పోలీసు ఎఫ్‌ఐఆర్ తప్పదు. అగ్నిప్రమాదమైతే ఫైర్ డిపార్ట్‌మెంట్ రిపోర్టు తీసుకోవాలి. మిగిలిన సరుకు ఇంకా పాడవకుండా పక్కకు తీయాలి, కానీ కాలిన, తడిసిన సరుకును సర్వేయర్ రాకముందే చెత్తబండికి ఇవ్వకూడదు. వరద తర్వాత దుర్వాసనకు తాళలేక అన్నీ పారేసి, ఆ తర్వాత సాక్ష్యం లేక ఇబ్బందిపడటం జరుగుతుంటుంది. పారేయక తప్పకపోతే ఫోటోలు తీసి, కంపెనీకి పంపి, వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి.

లేని సరుకు ఉందని రాయడం, బిల్లులు పుట్టించడం చేస్తే నిజంగా పోయినదానికి కూడా డబ్బు రాకుండా పోతుంది.

క్లెయిము తిరస్కరించినా, బాగా కోసినా ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయాలి. బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబరుకు గానీ ఫిర్యాదు చేయవచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాది లోపు ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. సొంత పేరు మీద నడిచే దుకాణాలకూ, సూక్ష్మ సంస్థలకూ ఈ దారి ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఫిర్యాదులు హైదరాబాద్ ఆఫీసే చూస్తుంది. 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం దానికి ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

పాలసీ చేతికొచ్చిన రోజే చూడాల్సినవి

* పేరు, దుకాణం చిరునామా, గోదాము చిరునామా సరిగ్గా ఉన్నాయా?
* వ్యాపారం "బొమ్మలు, ఆట సామాన్లు" అని రాశారా, లేక "జనరల్ స్టోర్" అని రాశారా? పార్లర్ ఉంటే ఆ మాట ఉందా?
* సరుకు, ఫర్నిచర్, యంత్రాలకు విడివిడిగా ఎంత రాశారు? సీజన్‌లో సరిపోతుందా?
* వరద, బర్గ్లరీ, ఎలక్ట్రానిక్ వస్తువులు, పబ్లిక్ లయబిలిటీల్లో ఏవి ఉన్నాయి, ఏవి లేవు?
* ప్రతి క్లెయిములో దుకాణదారు తన జేబులోంచి భరించాల్సిన మొత్తం ఎంత?
* ప్రీమియం కంపెనీ ఖాతాకే వెళ్లిందా? ఏజెంటు సొంత నంబరుకు పంపి, ఆయన కట్టకపోతే పాలసీయే ఉండదు. ప్రీమియం అందనిదే కవర్ మొదలుకాదని బీమా చట్టంలోనే ఉంది.

ఒకే మొత్తానికి, ఒకే విభాగాలకు మూడు కంపెనీల కొటేషన్లు తీసుకుని పోల్చుకోవాలి. ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ కలుస్తుందని లెక్కలో ఉంచుకోవాలి. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాకు 2025 సెప్టెంబర్ నుంచి ఇచ్చిన జీఎస్టీ మినహాయింపు దుకాణాల పాలసీకి వర్తించదు. తప్పు రాసి ఉంటే ఆ రోజే ఈమెయిల్ పెట్టి సరిచేయించాలి. నష్టం జరిగాక ఒక్క అక్షరం కూడా మార్చరు.